నిమిషానికి తొమ్మిది మెరుపులు

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం. పని మీద గడియారం సెంటర్ దాకా వెళ్లి ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. హాల్లో అమ్మ తడి తువ్వాలు మెడకు చుట్టుకుని గచ్చు మీద పడుకుని ఉంది. పైన ఫ్యాను వేడిగాలినే కిందికి తోస్తోంది. పక్కనే కూలరు. నిండా నీళ్లు పోసి ఉంది, కానీ స్విచ్చు వేసి లేదు. నల్లగొండ ఎండలు తెలిసినవాళ్లకు ఆ పూట ఎలా ఉండి ఉంటుందో చెప్పనక్కరలేదు.

“కూలరు వేసుకోలేదేమమ్మా?”

“ఎందుకులే బిడ్డా. మొన్న బిల్లు చూసి నువ్వే అన్నావు కదా.”

నేను అన్నది నిజమే. వారం కిందట ఏప్రిల్ నెల బిల్లు వచ్చింది. 326 యూనిట్లు, 2,200 రూపాయలు. మా ఇంట్లో ఏసీ లేదు. ఆ కాగితం చేతిలో పట్టుకుని, “పగలంతా కూలరు తిరుగుతుంటే ఇంతకాక ఎంత వస్తుంది” అన్నాను. ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ నేను బడికి, మా ఆవిడ ఆఫీసుకు, పాప స్కూలుకు వెళ్లాక పగలు ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే. డెబ్బై ఒకటో ఏట ఆమె ఆ మాటను మనసులో పెట్టుకుని ఎండలో ఉడికిపోతూ పడుకుందని తెలిశాక ఆ పూట అన్నం సహించలేదు. అసలు ఈ కరెంటు ఎక్కడికి పోతోందో తేల్చాలనుకున్నాను.

నేను ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయని ఏటా పదో తరగతికి బోర్డు మీద రాసి చూపిస్తాను. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం 4000 మెగావాట్లని మా పిల్లలు ఠక్కున చెబుతారు. ఇంట్లో ఫ్యాను ఎన్ని వాట్లో అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ రోజు నన్ను అడిగినా అంతే.

ముందుగా బిల్లు సంగతి. ఇళ్ల కరెంటుకు స్లాబులున్నాయని అందరికీ తెలుసు, అవి ఎలా విరుచుకుపడతాయో మాత్రం చాలామందికి తెలియదు. నెల వాడకం వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, రెండో వందకు 4.80. అంటే సరిగ్గా 200 కాలితే 820 రూపాయలు. 201 అయితే లెక్క మొదటి యూనిట్ నుంచే మారిపోతుంది. తొలి 200 యూనిట్లకూ 5.10, ఆపైన 300 వరకు 7.70, అక్కడి నుంచి 400 దాకా 9 రూపాయలు. ఆ ఒక్క యూనిట్‌తో 820 కాస్తా 1,027 అవుతుంది. స్థిర ఛార్జీలు, సుంకం వేరే. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకైతే ఈ గీత ఇంకా పెద్దది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు వాళ్లకు జీరో బిల్లు. గీత దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే. నేను ఉద్యోగిని కాబట్టి మాకు ఆ కార్డు లేదు. అయినా 200 దగ్గర ఆగగలిగితే చాలనిపించింది.

ఆ సాయంత్రం మా పాప ఒక నోటుబుక్కు తెచ్చి గీతలు గీసింది. వస్తువు, వాట్లు, రోజుకు గంటలు. వాట్లు రాయడం తేలికే. ఫ్యాను మీద, మిక్సీ అడుగున, టీవీ వెనక రాసే ఉంటాయి. గంటలు రాయడమే కష్టం, ఎందుకంటే అక్కడ ఎవరికి వారు తక్కువ చెప్పుకుంటారు. హాల్లో ఫ్యాను ఎన్ని గంటలు తిరుగుతుందంటే నేను పది అన్నాను. మా ఆవిడ పన్నెండు అంది. అమ్మ మాత్రం, “పొద్దున ఆరింటికి వేస్తే మనం పడుకునేదాకా ఆపేదెవరు?” అంది. పదహారు గంటలు. నాలుగు ఫ్యాన్లూ కలిపితే రోజుకు 37 గంటలు వచ్చాయి. ఒక్కొక్కటి 75 వాట్లు. ఫ్యాన్లకే దాదాపు 2.8 యూనిట్లు. ఇది నేను ఊహించలేదు.

ఫ్రిజ్ లెక్క కాగితం మీద తేలదు, అది ఆగుతూ నడుస్తూ ఉంటుంది. తోటి ఉపాధ్యాయుడి దగ్గర ప్లగ్గుకు తగిలించే చిన్న మీటరు ఉంటే అడిగి తెచ్చి, ఒక రోజంతా ఫ్రిజ్‌కు పెట్టాను. 1.8 యూనిట్లు చూపించింది. పద్నాలుగేళ్ల ఫ్రిజ్ మరి. పాత చోకు ట్యూబులైట్లు రెండు, బల్బులు కలిపి 0.65. టీవీ, సెట్‌టాప్ బాక్సు అర యూనిట్. బోరు మోటారు పాతిక నిమిషాలకు ఇంకో అర యూనిట్‌కు దగ్గరగా. నల్లగొండలో ఫ్లోరైడ్ భయం తరాలుగా ఉంది కాబట్టి నీళ్ల శుద్ధి యంత్రం లేని ఇల్లు మా వీధిలో లేదు. అది, మిక్సీ, ఇస్త్రీ, బట్టల మిషను అన్నీ కలిపినా 0.3 దాటలేదు.

ఇక కూలరు. 170 వాట్లు. అమ్మ భయపడుతూ వేసుకునే రెండు గంటలకు అయ్యేది యూనిట్‌లో మూడో వంతు. నేను ఏ కూలరును తిట్టిపోశానో అది జాబితాలో అడుగు నుంచి రెండోది.

మొత్తం కూడితే ఏడు యూనిట్లకు కాస్త తక్కువ. మరి మీటరు? వరసగా మూడు రోజులు ఉదయం ఏడింటికే రీడింగు రాశాను. రోజుకు దాదాపు పదకొండు తిరుగుతోంది. నాలుగు యూనిట్లు ఎటు పోతున్నాయో తెలియదు. నెలకు 120 యూనిట్లు.

జాబితా రెండుసార్లు సరిచూశాను. పక్కింటాయన, “ఈ డిజిటల్ మీటర్లు గుర్రాల్లా పరుగెడతాయి సార్, దరఖాస్తు పెట్టి పరీక్ష చేయించండి” అన్నారు. ఇంకొకరు వైరు మీద ఎవరైనా కొక్కెం వేశారేమో చూసుకోమన్నారు. ఏ నిర్ణయానికీ రాకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు, మీటరు సీలు ముట్టుకోనక్కరలేదు. మీటరు ముఖం మీద ఒక చిన్న ఎర్ర దీపం మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన ఒక అంకె ఉంటుంది. మాదాంట్లో 3200. అంటే ఆ దీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. నిమిషానికి ఒక మెరుపు ఉందంటే గంటకు అరవై, అంటే ఇంట్లో దాదాపు 19 వాట్లు నడుస్తున్నట్టు. కొన్ని మీటర్లకు 1600 ఉంటుంది, అప్పుడు ఒక్కో మెరుపుకు దానికి రెట్టింపు.

రాత్రి పదకొండింటికి మొదలుపెట్టాం. ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపాం. ఫ్రిజ్ ప్లగ్గు తీశాం. సెట్‌టాప్ బాక్సు రిమోటుతో కాకుండా గోడ దగ్గరే ఆపాం. ఫోన్ల చార్జర్లు కూడా ఊడదీశాం. అమ్మ అరుగు మీద విసనకర్రతో కూర్చుంది. మా ఆవిడ లోపల బోర్డు దగ్గర నిలబడింది. పాప ఫోనులో టైమరు పెట్టుకుంది. నేను వరండాలో మీటరు ముందు నిలబడ్డాను.

ఆ చీకట్లో దీపం మెరిసింది. ఆరేడు సెకన్లకు మళ్లీ మెరిసింది. నిమిషం పూర్తయ్యేసరికి తొమ్మిది. నమ్మలేక ఐదు నిమిషాలు లెక్కపెట్టాను, నలభై ఐదు. దాదాపు 170 వాట్లు. ఇరవై నాలుగు గంటలకు గుణిస్తే నాలుగు యూనిట్ల పైన. నేను వెతుకుతున్న నాలుగు యూనిట్లు ఎదురుగా మినుకుమినుకుమంటున్నాయి. అన్నీ ఆపేసిన ఇంట్లో ఒక కూలరంత కరెంటు రాత్రీ పగలూ ఎవరో తాగుతున్నారు.

మా ఆవిడ ఎంసీబీలు, అంటే ఇంట్లో ఒక్కో లైనుకు కరెంటు ఆపే మీటలు, ఒక్కొక్కటే దించుతూ వచ్చింది. మొదటిది దించితే మార్పు లేదు. రెండోదీ అంతే. మూడోది కూడా. నాలుగోది దించగానే లోపలి నుంచి పాప అరిచింది.

“నాన్నా, మెట్ల కింద ఏదో టక్కుమంది!”

మీటరు దీపం ఆగిపోయింది. నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. మెరవలేదు.

మెట్ల కింద గూట్లో ఉన్నది మా ఇన్వర్టరు. నాన్న 2012లో కొన్నారు. ఆ రోజుల్లో కోతలు ఎలా ఉండేవో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. చెల్లెలు ఇంటరు చదువుతోంది, దాని చదువు కోసమని ఆయన అప్పు చేసి మరీ తెచ్చారు. 2018లో బ్యాటరీ మార్పించారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. కోతలు తగ్గాక ఆ పెట్టె సంగతే మరిచిపోయాం. జాబితా రాసేటప్పుడు మా ముగ్గురిలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు. కరెంటు ఇచ్చే పెట్టె అన్న పేరు పడిపోయింది కదా, అది కరెంటు తీసుకుంటుందన్న ఆలోచనే తట్టలేదు.

తలుపు తీసేసరికి ముక్కు మండే ఆమ్లం వాసన. బ్యాటరీ మీద చెయ్యి పెడితే అప్పుడే వార్చిన అన్నం గిన్నెలా ఉంది. తీగలు బిగించిన చోట తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకుంది. ఎంసీబీ పైకెత్తగానే చార్జింగు దీపం వెలిగింది. అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందని, ‘నిండింది’ అనే దీపం చూసి ఎన్ని నెలలైందో తెలియదని అప్పుడు గుర్తొచ్చింది.

అమ్మ వెనకాలే వచ్చి నిలబడింది. “అది ఈ మధ్య నీళ్లు బాగా తాగుతోందని సంక్రాంతి అప్పుడే నీతో అన్నాను బిడ్డా” అంది.

అంది. నాకు గుర్తుంది. ‘ఊ’ కొట్టి వెళ్లిపోయాను.

బ్యాటరీలో నీళ్లు పోసే పని నాన్న ఆమెకు అప్పగించి వెళ్లారు. ఆమె దాన్ని ఒక్కసారీ తప్పలేదు. వంటింట్లో క్యాలెండరు తీసి చూపించింది. పాల ప్యాకెట్ల లెక్కల మధ్య అక్కడక్కడా ‘బ్యా’ అని గుండ్రటి అక్షరం. జనవరిలో ఒకటి. ఫిబ్రవరిలో రెండు. మార్చిలో మూడు. ఏప్రిల్‌లో నాలుగు. మూడు నాలుగు నెలలకు ఒకసారి పోస్తే సరిపోవలసిన నీళ్లు వారానికోసారి ఆవిరైపోతున్నాయి. మా ఇంటి కరెంటు ఎటు పోతోందో ఆ క్యాలెండరు మీద నాలుగు నెలలుగా రాసే ఉంది. నేను రోజూ దాని ముందు నిలబడే టీ తాగాను.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మధ్యలో బుడగ తేలే గాజు గొట్టంతో ఒక్కో గదిలోంచి ఆమ్లం పీల్చి చూశాడు. బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఐదింట్లో ఆమ్లం సాంద్రత చూపే అంకె 1240 దగ్గర తేలింది. నాలుగో గదిలో 1100 దగ్గరే కూలబడింది. “ఈ గది చచ్చిపోయింది సార్” అన్నాడు. అతను చెప్పిన కారణం నా పాఠానికి సరిగ్గా అతికింది. ఒక గది పోతే బ్యాటరీ మొత్తం వోల్టేజీ పూర్తి స్థాయికి ఎప్పటికీ చేరదు. అది చేరితేనే ఇన్వర్టరు చార్జింగు తగ్గిస్తుంది. చేరదు కాబట్టి తోస్తూనే ఉంటుంది. తోసిన కరెంటు నిలవ ఉండే చోటు లేక వేడిగా మారి నీళ్లను మరిగిస్తుంది. “పరీక్షించి చూడండి” అంటూ ఎంసీబీ దించి ఒక్క ఫ్యాను వేశాడు. ఎనిమిది నిమిషాలకు ఇన్వర్టరు కుయ్యోమంటూ ఆగిపోయింది. ఆ ఎనిమిది నిమిషాల గాలి కోసం నెలకు 120 యూనిట్లు కాలుస్తున్నాం.

డబ్బు కన్నా నన్ను కలవరపెట్టిన మాట ఇంకొకటి చెప్పాడు. అలా మరిగే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడని గూట్లో అది పోగైతే ఒక్క నిప్పురవ్వ చాలు. మేము ఆ గూట్లోనే పాత పేపర్లు పెడతాం. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ఇది చదవడం ఆపి ఒకసారి బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి తీసేయాలనిపించేంత వేడి ఉంటే ఆ క్షణమే ఆపేయండి.

బ్యాటరీని పాత సామాను లెక్కన ప్రకాశం బజారులో ఇచ్చేశాం. నాన్న వస్తువు కదా అని అమ్మ ఏమంటుందోనని భయపడ్డాను. “ఆయన ఉంటే నాకన్నా ముందే తీసి పడేసేవారు” అంది. కొత్త బ్యాటరీ కొనలేదు. ఈదురుగాలులకు గంటో రెండు గంటలో కరెంటు పోతే చార్జింగు లైటు ఒకటి చాలు.

మీటరు నిజంగానే పరుగెడుతోందా అన్న అనుమానం కూడా దీపం లెక్కపెట్టిన రాత్రే తీర్చుకున్నాను. ఇన్వర్టరు ఆపి, అటక మీద దొరికిన పాత 100 వాట్ల బల్బు ఒక్కటే వేసి మూడు నిమిషాలు లెక్కపెట్టాను. లెక్క ప్రకారం పదహారు మెరుపులు రావాలి. పదహారే వచ్చాయి. మీటరుది ఏ తప్పూ లేదు.

మిగిలినవి చిన్నవే. ఫ్రిజ్ తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే పట్టు లేకుండా జారి వచ్చేసింది. తలుపు రబ్బరు మార్పిస్తే రోజుకు 1.8 ఉన్నది 1.4కు దిగింది. చోకు ట్యూబులైట్ల బదులు ఎల్‌ఈడీ పట్టీలు వేశాం. సెట్‌టాప్ బాక్సును గోడ దగ్గరే ఆపడం అలవాటు చేసుకున్నాం. రిమోటుతో ఆపినా అది దాదాపు పన్నెండు వాట్లు తీసుకుంటూనే ఉంటుంది.

ఫ్యాన్ల విషయంలో కొంచెం ఆలోచించాను. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాన్లు 30 వాట్లతోనే అంత గాలీ ఇస్తాయి. దుకాణంలో నాలుగూ ఒకేసారి మార్చేయమన్నారు. నేను ఒక్కటే కొన్నాను, పదహారు గంటలు తిరిగే హాలు ఫ్యానుకు. వంటింటి ఫ్యాను రోజుకు మూడు గంటలు తిరుగుతుంది, దాన్ని మారిస్తే పెట్టిన డబ్బు పదేళ్లకు కూడా తిరిగి రాదు. వాట్లు చూసి కంగారు పడేవాళ్లు గంటలు కూడా చూడాలి. మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లు, కానీ వారానికి గంట. మెట్ల కింద పెట్టె 170 వాట్లే, వారానికి 168 గంటలు.

జూన్ మొదట్లో వచ్చిన బిల్లులో 246 యూనిట్లు. అందులో పదకొండు రోజులు పాత బ్యాటరీవే. జులైలో వచ్చింది 178, తొమ్మిది వందల లోపే. మృగశిర దాటి వానలు పడ్డాయి కాబట్టి తగ్గిందని ఎవరైనా అనవచ్చు. అందుకే నేను ఎక్కువగా చూసుకునేది మే చివరి రీడింగులను. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, కూలరు రోజుకు ఏడు గంటలు నడిచిన రోజుల్లో కూడా మీటరు రోజుకు ఆరు, ఆరున్నర దాటలేదు.

అవును, ఏడు గంటలు. ఇన్వర్టరు ఆపిన మర్నాడు ఉదయమే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నోటుబుక్కు చూపించాను. ఆరు గంటలు కూలరు నడిస్తే ఒక్క యూనిట్, నెల వాడకం 200 దాటకపోతే ఐదు రూపాయల లోపు అని. ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. “పావు లీటరు పాలు కూడా రావు ఆ పైసలకు” అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే లేచి వెళ్లి స్విచ్చు వేసింది. నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఎదురింటి అక్కకు జులైలో 208 యూనిట్లు వచ్చి జీరో బిల్లు పోయింది. ఆమె బిల్లు పట్టుకుని నా కోసం వచ్చింది కానీ, సమాధానం చెప్పింది అమ్మే. “ముందు అన్నీ ఆపి మీటరు మీద ఎర్ర దీపం చూడు” అంది. రాత్రి పాపను వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడ అన్నీ ఆపితే దీపం మెరవనే లేదు. అమ్మ అంతటితో వదల్లేదు. మోటారు రోజుకు ఎన్నిసార్లు వేస్తావని అడిగింది. రెండుసార్లంది అక్క. ఉండేది ముగ్గురు. మేడ మీది ట్యాంకు నుంచి నీళ్లెటు పోతున్నాయో వెతికితే బాత్రూములో ఫ్లష్ ట్యాంకు సన్నగా కారుతోంది. వాచరు అరిగిపోయింది.

మా వంటింటి క్యాలెండరులో ఇప్పుడు ‘బ్యా’ అన్న అక్షరం లేదు. పాల లెక్క కింద ప్రతిరోజూ ఏడింటికి రాసిన మీటరు రీడింగు ఉంటుంది, ఆ గుండ్రటి చేతిరాతలోనే. నిన్న ఆరు దాటి ఆరున్నర వచ్చింది. పక్కన చిన్నగా ‘పిండి రుబ్బాం, ఇస్త్రీ’ అని రాసి ఉంది.